పబ్లిక్ పాలసీ చదువులు – మన ఇంటి పిల్లలు

(ఝపటాపూర్‌లో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. వాయుసేనలో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసి వారంట్ ఆఫీసరుగా రిటైరయ్యాను. మా నాన్నగారు ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మా తాతగారు బి.ఎన్.ఆర్. రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి ఒక ట్రంకు పెట్టెతో వచ్చి ఈ ఊళ్ళో దిగారట. అంటే మూడు తరాలుగా మేము ఖరగ్‌పూర్ వాళ్ళమే. మన కార్యదర్శిగారు "ఏటా పెన్షన్ గురించి, స్పర్శ్ గురించి, ఇ.సి.హెచ్.ఎస్. కార్డుల గురించి మాట్లాడుకుంటూనే ఉన్నాం, ఈసారి పిల్లల చదువు గురించి మీ అనుభవం చెప్పండి" అన్నారు. అనుభవం అంటే అందులో నా తప్పులు కూడా ఉన్నాయి. అవి కూడా చెబుతాను. వాటివల్లే మీకు ఎక్కువ ఉపయోగం ఉంటుందని నా నమ్మకం.

మా అమ్మాయి బి.ఏ. ఎకనామిక్స్ అయ్యాక "నాన్నా, నేను పబ్లిక్ పాలసీ చదువుతాను" అంది. నాకు అర్థం కాలేదు. పాలసీ అంటే ఎల్.ఐ.సి. పాలసీ ఒక్కటే తెలుసు నాకు. ఈ మధ్య మన సంఘం సభ్యుల పిల్లల్లో ముగ్గురు నలుగురు ఇదే మాట అడుగుతున్నారు. కొందరు ఇంటర్నేషనల్ రిలేషన్స్ అంటున్నారు. తల్లిదండ్రులు నా దగ్గరికొచ్చి "ఇదేం చదువు సార్, ఉద్యోగం వస్తుందా, ఎంతవుతుంది" అని అడుగుతున్నారు. అందుకని ముందు ఈ చదువులేమిటో మన ఊరి మాటల్లో చెబుతాను.

2023 జూన్ 2న బహనగా బజార్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం జరిగింది. అది మన ఖరగ్‌పూర్ డివిజన్‌లోదే. 290 మందికి పైగా చనిపోయారు. ఆ బండి ఎక్కని తెలుగు ఇల్లు ఈ ఊళ్ళో ఉండదు. ఆ రాత్రి మనలో చాలామందిమి ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. తరువాత విచారణ జరిపినవారు రైల్వే సేఫ్టీ కమిషనరు. ఆ కమిషన్ రైల్వే మంత్రిత్వశాఖ కింద ఉండదు, పౌర విమానయాన శాఖ కింద ఉంటుంది. ఎందుకలా పెట్టారు? రైళ్ళు నడిపే శాఖే తన తప్పును తాను విచారించుకోకూడదని. సిగ్నలింగ్ పనిలో జరిగిన పొరపాట్లు ఆ విచారణలో బయటపడ్డాయి. ఇప్పుడు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఇద్దరు ముగ్గురు ఉద్యోగుల్ని శిక్షిస్తే సరిపోతుందా, పని జరిగే పద్ధతి మారాలా? మారాలంటే ఎవరు మార్చాలి, డబ్బు ఎక్కణ్ణుంచి రావాలి, మారిందో లేదో ఎవరు చూడాలి? ఇదీ పబ్లిక్ పాలసీ అంటే.

ఇక ఇంటర్నేషనల్ రిలేషన్స్. మన పక్కనే కలైకుండా ఉంది. 1965 సెప్టెంబరు 7న పాకిస్తాన్ సేబర్లు ఆ స్థావరం మీద దాడి చేసిన సంగతి ఇక్కడున్న పాతవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. అదే కలైకుండాలో 2007లో కుదిరిన ఒప్పందం ప్రకారం సింగపూర్ వాయుసేన వచ్చి మనవాళ్ళతో కలిసి శిక్షణ పొందింది. 2018లోనూ, 2023లోనూ అమెరికా వాయుసేనతో కోప్ ఇండియా విన్యాసాలు అక్కడ జరిగాయి. మనం ఆకాశంలో చప్పుడు విని "ఇవాళ ఎక్సర్‌సైజ్ ఉన్నట్టుంది" అనుకుంటాం. సింగపూర్ వాళ్ళు అంత దూరం నుంచి ఇక్కడికి ఎందుకొచ్చారు, వాళ్ళ దేశంలో చోటు ఎందుకు చాలదు, దానివల్ల మనకేం లాభం అని అడిగితే అదే ఇంటర్నేషనల్ రిలేషన్స్.

కాబట్టి ఇవి మనకు దూరపు చదువులు కావు. మనవాళ్ళెవరైనా ఈ దారిన నడిచారా అంటే, నడిచారు. వరాహగిరి వెంకటగిరిగారు బరంపురంలో పుట్టారు, 1913లో డబ్లిన్ వెళ్ళి న్యాయశాస్త్రం చదివారు. తిరిగి వచ్చాక బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించారు. 1928లో పని పోయిన కార్మికుల కోసం జరిగిన సమ్మెను అహింసా పద్ధతిలో నడిపించారు. మన తాతల కాలం ముచ్చట అది. 1927లోనే జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సమావేశానికి కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు. స్వాతంత్ర్యం వచ్చాక సిలోన్‌లో మన హైకమిషనరు, ఆ తరువాత కేంద్ర కార్మిక మంత్రి. బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో మంత్రి పదవి వదులుకున్నారు. 1969లో రాష్ట్రపతి అయ్యారు. కార్మికుల బస్తీ నుంచి జెనీవా దాకా ఒకే మనిషి, ఒకే సమస్య పట్టుకుని నడిచారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇంకొకరు దువ్వూరి సుబ్బారావుగారు. కోరుకొండ సైనిక్ స్కూల్ విద్యార్థి. తరువాత మన హిజ్లీలోని ఐ.ఐ.టి.లోనే ఫిజిక్స్ చదివారు. 1972లో ఐ.ఏ.ఎస్.కు ఎంపికయ్యారు. సర్వీసులో ఉండగానే అమెరికా వెళ్ళి ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఎం.ఎస్. చేశారు. 2008 నుంచి 2013 వరకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉన్నారు. ఫిజిక్స్ చదివినవాడికి పాలసీ ఎందుకు అని ఎవరైనా అంటే ఆయన పేరు చెప్పండి. ఇంకో సంగతి కూడా గమనించండి. ఆయన ముందు పనిలో దిగారు, ఆ పైన ఈ చదువుకు వెళ్ళారు.

సరే, ఇప్పుడు దరఖాస్తుల సంగతి.

మన దేశంలో ముందు చూద్దాం. ఢిల్లీలో జె.ఎన్.యు.లోని స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ 1955లో విడి సంస్థగా పుట్టి, 1970లో జె.ఎన్.యు.లో కలిసింది. అక్కడ ఎం.ఏ.కు ఇప్పుడు సి.యు.ఇ.టి. పి.జి. పరీక్ష ద్వారా వెళ్ళాలి. మనకు మరీ దగ్గర జాదవ్‌పూర్ యూనివర్సిటీ. అక్కడి ఇంటర్నేషనల్ రిలేషన్స్ విభాగం 1956 నుంచి ఉంది. లోకల్ ట్రైనులో హౌరా వెళ్ళి, అక్కణ్ణుంచి బస్సెక్కి పోయే దూరంలో అంత మంచి విభాగాన్ని పెట్టుకుని, మనవాళ్ళు ఏజెంట్ల ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. పబ్లిక్ పాలసీకి బెంగుళూరు నేషనల్ లా స్కూల్‌లో 2014 నుంచి రెండేళ్ళ మాస్టర్స్ ఉంది, దానికి వాళ్ళదే ప్రవేశ పరీక్ష. హైదరాబాదులో గీతం వారి కౌటిల్య స్కూల్ 2021లో మొదలైంది. ఉద్యోగానుభవం ఉన్నవాళ్ళ కోసం బెంగుళూరు ఐ.ఐ.ఎం.లో 2002లో ఒక కోర్సు మొదలైంది.

విదేశాల్లో అమెరికాలో సాధారణంగా రెండేళ్ళు, బ్రిటన్‌లో ఏడాది. అమెరికావాళ్ళకి దరఖాస్తు గడువులు ఎక్కువగా డిసెంబరు, జనవరి నెలల్లో ఉంటాయి. కాబట్టి దసరా నాటికి కాగితాలు సిద్ధం కావాలి. డిగ్రీ మార్కుల పత్రాలు, ఇంగ్లీషు పరీక్ష స్కోరు, కొన్నిచోట్ల జి.ఆర్.ఇ., ఇద్దరు ముగ్గురి సిఫార్సు లేఖలు, రెజ్యూమె, ఆ పైన ఒక వ్యాసం కావాలి. మూడేళ్ళ డిగ్రీని కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. ఇది ఫీజు కట్టకముందే అడిగి తెలుసుకోవాలి.

ఆ వ్యాసాన్ని స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అంటారు. పొట్టిగా ఎస్.ఓ.పి. సరిగ్గా ఇక్కడే నేను బోల్తా పడ్డాను. మన సర్వీసులో ఎస్.ఓ.పి. అంటే స్టాండర్డ్ ఆపరేటింగ్ ప్రొసీజర్ కదా! ఎవరు రాసినా ఒకేలా ఉండాలి, సొంత తెలివి వాడకూడదు. దీనికీ ఒక ఫార్మాట్ ఉంటుందనుకుని, ఒక కన్సల్టెంటు దగ్గరికి తీసుకెళ్ళి డబ్బు కట్టి రాయించాను. చాలా గొప్పగా రాశాడు. "బాల్యం నుంచి ప్రపంచ శాంతి కోసం పాటుపడాలనే తపన నాలో ఉంది" అని మొదలు. చదివి నేను పొంగిపోయాను. అమ్మాయి మాత్రం "నాన్నా, ఇందులో నేనెక్కడున్నాను?" అంది. "నీకేం తెలుసు, వాళ్ళు అనుభవజ్ఞులు" అని నోరు మూయించాను.

ఆరు చోట్లకి పంపాం. 2022లో అయిదు చోట్ల నుంచి మర్యాదగా కాదన్నారు. ఒక్కచోట సీటిచ్చారు, స్కాలర్‌షిప్పు లేదు. ఫీజు, ఖర్చులు కలిపి ఏడాదికి నలభై లక్షల దాకా లెక్క తేలింది. నా గ్రాట్యుటీ, కమ్యూటేషన్, ప్రావిడెంట్ ఫండు అన్నీ తీసి, మిగిలింది ఈ ఝపటాపూర్ ఇల్లు తాకట్టు పెట్టి తెద్దామనుకున్నాను. నిజం చెప్పాలంటే అందులో పిల్ల చదువు మీద ప్రేమ సగం, "మా అమ్మాయి లండన్‌లో ఉంది" అని ఇదే సమావేశంలో చెప్పుకోవాలనే యావ సగం. మా ఆవిడ ఏమీ అనలేదు. రెండు రోజులు అన్నం వడ్డించి పక్కకెళ్ళి కూర్చుంది. చివరికి అమ్మాయే "ఆ వ్యాసం నాది కాదు, ఆ సీటూ నాది కాదు. మీరు ఇరవై ఎనిమిదేళ్ళు దాచింది ఏడాదిలో పెట్టి నేనక్కడ ప్రశాంతంగా చదవలేను" అంది. వారంట్ ఆఫీసరుగా ఎంతోమందికి ఆర్డర్లు వేశాను కానీ, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

తరువాత రెండేళ్ళు కోల్‌కతాలో ఒక స్వచ్ఛంద సంస్థలో తక్కువ జీతానికి పనిచేసింది. మళ్ళీ దరఖాస్తు చేసింది. ఈసారి వ్యాసం తానే రాసుకుంది. ఏం రాసిందో చెబుతాను.

మా అమ్మకి తెలుగు తప్ప రాదు. మా నాన్నగారు పోయాక ఫ్యామిలీ పెన్షన్ కాగితాల కోసం ఆవిణ్ణి ఆఫీసులకి తిప్పవలసి వచ్చింది. అప్పుడు నేను జోధ్‌పూర్‌లో ఉన్నాను. వెంట వెళ్ళింది నాలుగో తరగతి చదివే మా అమ్మాయి. కౌంటరులో ఆయన బెంగాలీలో అడిగితే ఇది తెలుగులో చెప్పేది, నానమ్మ తెలుగులో చెబితే ఇది హిందీలో చెప్పేది. ఒకచోట "భర్త మరణించిన తేదీ" అన్న మాట నానమ్మకి ఎలా చెప్పాలో తెలియక ఏడ్చేసిందట. ఈ సంగతి నాకు ఆ వ్యాసం చదివేదాకా తెలియదు.

2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. మనమందరం స్వీట్లు పంచుకున్నాం. మా అమ్మాయి మాత్రం, ఆ నిర్ణయం తరువాత నానమ్మ లాంటివాళ్ళకి ఏ కాగితం మారింది, ఏ కౌంటరులో మారింది అని అడిగింది. సెలవు రోజుల్లో వచ్చి, ఈ ఊళ్ళో ఆఫీసు ఆఫీసుకీ తిరిగి, ఏ ఫారాలు ఏ భాషల్లో ఉన్నాయో నోటుబుక్కులో రాసుకుంది. క్యూలో నిలబడ్డ తెలుగువాళ్ళు ఎవర్ని తోడు తెచ్చుకున్నారో అడిగింది. చాలామంది పిల్లల్ని తెచ్చుకున్నారు. బడి మానిపించి మరీ. ఒక భాషకి హోదా ఇవ్వడం ఒకటి, ఆ హోదా కౌంటరు దాకా రావడం మరొకటి, ఈ రెండింటి మధ్య దూరం ఎలా తగ్గించాలో నేర్చుకోవడానికి ఈ కోర్సు కావాలి అని రాసింది. రెండు పేజీలు, ప్రపంచ శాంతి మాటే లేదు.

ఈసారి విదేశంలో ఒకచోట ఫీజులో కొంత తగ్గించి సీటిచ్చారు. మన దేశంలో ఒక మంచి విశ్వవిద్యాలయంలో కూడా వచ్చింది. ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాలూ ఆ నోటుబుక్కు మీదే మాట్లాడారట. లెక్కలు వేసుకుని 2024లో ఇక్కడే చేరింది. ఇల్లు తాకట్టు పెట్టలేదు.

అందుకే పిల్లలకి నేను చెప్పేది ఒకటే. గిరిగారు ఒక్క సమస్య పట్టుకుని జెనీవా దాకా వెళ్ళారన్నాను కదా. ఆ వ్యాసంలో అడిగేది అదే. నీకు తెలిసిన సమస్య ఏది, అది నీకెలా తెలుసు, ఇంకా ఏం తెలుసుకోవాలి? ఖరగ్‌పూర్‌లో పుట్టామని, నాన్న సిపాయి అనో ఫిట్టరు అనో చెప్పుకోవడానికి సిగ్గుపడి, ఎవరో రాసిన గొప్ప మాటలు తెచ్చి అతికించకండి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజారులో బెంగాలీ, బడిలో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగిన పిల్లలు మీరు. రెండేళ్ళకోసారి బదిలీ అయి నాలుగు రాష్ట్రాల బళ్ళు చూసినవాళ్ళు మీలో ఉన్నారు. అది లోటు కాదు, మీ సరుకు.

సర్వీసులో ఉన్నవాళ్ళకి, రిటైరైనవాళ్ళకి కూడా నాలుగు సంగతులు చెప్పాలి. నలభై ఏళ్ళకి బయటికొచ్చి ఈ చదువులు చదవాలనుకునేవాళ్ళు మనలో కూడా ఉన్నారు.

మొదటిది, పదిహేనేళ్ళ సర్వీసుకి మనకిచ్చే గ్రాడ్యుయేషన్ సమాన యోగ్యత పత్రం కొన్ని ప్రభుత్వోద్యోగాలకి మాత్రమే పనికొస్తుంది. అది డిగ్రీ కాదు. దాంతో ఎం.ఏ.లో చేరలేరు. సర్వీసులో ఉండగానే ఇగ్నో లాంటిచోట నిజమైన డిగ్రీ పూర్తిచెయ్యండి. రెండు, సర్వీసులో ఉంటే అనుమతి లేకుండా దరఖాస్తు పంపకండి. మూడు, గొప్ప కోసం రహస్య విషయాలు వ్యాసంలో రాయకండి. ఏ రాడార్, ఎక్కడుంది, ఎంత దూరం చూస్తుంది అనేవి వాళ్ళకి అక్కర్లేదు. రిటైరయ్యాక కూడా మన నోటికి తాళం ఉంది. మీ కింద ఎంతమంది పనిచేశారు, ఏ చిక్కు వచ్చింది, మీరేం నిర్ణయం తీసుకున్నారు, దానివల్ల ఏమైంది అన్నది రాస్తే చాలు. నాలుగు, సిఫార్సు లేఖ. మన సాబులు రాసే "సిన్సియర్, హార్డ్ వర్కింగ్, ఒబీడియంట్" అన్న మూడు ముక్కలు అక్కడ పనిచెయ్యవు. మీ పని దగ్గరగా చూసినవారు ఒక సందర్భం చెప్పి రాయాలి. పెద్ద ర్యాంకు కన్నా దగ్గరగా చూసిన కన్ను ముఖ్యం.

ఇక డబ్బు. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్పుకి రెండేళ్ళ పని అనుభవం ఉండాలి, చదువయ్యాక రెండేళ్ళు స్వదేశంలో ఉండాలి. కామన్‌వెల్త్ స్కాలర్‌షిప్పులు వేరే ఉన్నాయి. ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్‌కి మూడేళ్ళ అనుభవం అడుగుతారు. అమెరికాలో ప్రిన్స్‌టన్ పాలసీ స్కూలు తీసుకునేది కొద్దిమందినే కానీ, సీటు వచ్చినవాళ్ళ ఫీజు తానే భరిస్తుంది. చూశారా, డబ్బిచ్చే చాలామంది అనుభవం అడుగుతున్నారు. డిగ్రీ అయిన వెంటనే పరుగెత్తనక్కర్లేదు. ఇరవై అయిదేళ్ళ లోపు పిల్లలకి ఢిల్లీలో ల్యాంప్ ఫెలోషిప్పు అని ఉంది. పి.ఆర్.ఎస్. అనే సంస్థ 2010లో మొదలుపెట్టింది. ఒక పార్లమెంటు సభ్యుడి దగ్గర సహాయకులుగా పనిచేయిస్తారు, ఫీజు కట్టనక్కర్లేదు, స్టైపెండు వాళ్ళే ఇస్తారు.

ఎస్.సి. విద్యార్థులకి కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పు ఉంది. అయితే మన ఊరివాళ్ళకి ఒక చిక్కు. కుల ధ్రువీకరణ పత్రం రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. ఒక రాష్ట్రం జాబితాలో ఉన్న కులం ఇంకో రాష్ట్రం జాబితాలో లేకపోవచ్చు. తాత ఆంధ్రా, మనవడు బెంగాల్ అయినప్పుడు ఎక్కడి పత్రం చెల్లుతుందో ముందుగానే తేల్చుకోవాలి. ఆంధ్రా, తెలంగాణా ప్రభుత్వాల విదేశీ విద్యా పథకాలు అక్కడి స్థానికులకి, మనం తెలుగువాళ్ళమైనంత మాత్రాన రావు. బ్యాంకు లోను తీసుకుంటే చదువుకునే రోజుల్లో కిస్తీ ఉండదు కానీ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. మారటోరియం అంటే మాఫీ అని నేను చాలాకాలం అనుకున్నాను!

చివరిగా ఉద్యోగం. ఈ డిగ్రీ తెచ్చుకుంటే విదేశాంగ శాఖలో చేర్చుకుంటారని కొందరి భ్రమ. ఐ.ఎఫ్.ఎస్.కి దారి యు.పి.ఎస్.సి. పరీక్షే, దానికి ఏ డిగ్రీ అయినా చాలు. ఈ చదువులవాళ్ళు పరిశోధనా సంస్థల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, ప్రభుత్వ ప్రాజెక్టుల్లో, కన్సల్టింగ్ కంపెనీల్లో చేరుతున్నారు. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ అంత ఉండదు. అది తెలిసి చేరితే ఇబ్బంది లేదు. తెలియక నలభై లక్షలు అప్పు చేసి చేరితే కుటుంబం మునుగుతుంది.

మన సంఘానికి ఒక విన్నపం. ఏటా దసరా వెళ్ళాక ఒక ఆదివారం ఈ హాలు పిల్లలకివ్వండి. వాళ్ళు రాసుకున్న వ్యాసాలు తెస్తారు. మనం కూర్చుని చదువుదాం. ఇంగ్లీషు దిద్దడానికి కాదు, దానికి వేరేవాళ్ళున్నారు. "ఇందులో నువ్వెక్కడున్నావమ్మా?" అని అడగడానికి. నా కూతురు నన్ను అడిగిన ఆ ప్రశ్న నేనప్పుడు వినలేదు. మీరు వినండి.

జై హింద్.